యూజ్‌నెట్‌లో మూడు నెలలు: బొమ్మల్లేవు, లైకుల్లేవు, ఉన్నవన్నీ మాటలే

ముందే చెప్పేస్తా, ఇది కొత్తగా వచ్చిన యాప్ రివ్యూ కాదు. 1979లో ఆలోచన పుట్టి, 1980లో మొదలై, ఇప్పటికీ నడుస్తున్న యూజ్‌నెట్ గురించి. అందులోనూ ఫైళ్ళు దింపుకునే వైపు కాదు, మనుషులు రాసుకుంటూ మాట్లాడుకునే టెక్స్ట్ గ్రూపుల వైపు. మూడు నెలలుగా దాదాపు రోజూ వాడుతున్నా, ఒక ఫ్రీ సర్వర్ మీద, రెండు ప్రోగ్రాముల్లో, ఒకటి మెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్, ఇంకోటి టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే తెరలో, నడిచే టిన్. బాగా నచ్చింది, 5కి 4 ఇస్తా, ఆ పోయిన ఒక్క మార్కు ఎందుకు పోయిందో కూడా కింద రాస్తా. కానీ ఇది రాయడానికి అసలు కారణం వేరే. మొదటి వారంలో నేను రెండుసార్లు వదిలేద్దామనుకున్నా, వదలకపోవడం మంచిదైంది, కాబట్టి ఆ మొదటి వారం ఇంకొకళ్ళకి కొంచెం తేలిగ్గా గడవాలని.

నేను దీనికోసం ఎందుకు వెతుక్కున్నానంటే, నాకు నిదానంగా సాగే మాటలు ఇష్టం. ఒక ప్రశ్న అడిగితే ఎవరో నాలుగు రోజులు ఆలోచించి సమాధానం రాస్తారు, దానికి నేను రెండు రోజులు ఆగి జవాబు రాస్తా, అయినా ఆ మాట తెగకూడదు. ఇప్పుడు మనం వాడేవాటిల్లో చాలా చోట్ల పొద్దున అడిగింది సాయంత్రానికి కిందకి కొట్టుకుపోతుంది, పైన ఏం కనిపించాలో మన చేతిలో ఉండదు, ఎవరికి ఎక్కువ లైకులొస్తే వాళ్ళ మాటే పైన. ఇక్కడ లైక్ అనేదే లేదు. ఏ మాటకి ఏ జవాబు వచ్చిందో చెట్టు కొమ్మల్లాగా విడివిడిగా కనిపిస్తుంది, ఎక్కడిదాకా చదివామో అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు, అంతే.

సరే, అసలు ఇదేంటో రెండు ముక్కల్లో చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థం కాకపోతే "అకౌంట్ ఎక్కడ తీసుకోవాలి" అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం, నేను ఆగిపోయింది అక్కడే. యూజ్‌నెట్ ఒక వెబ్‌సైట్ కాదు, ఒక కంపెనీది కూడా కాదు. డ్యూక్ యూనివర్సిటీలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు, పక్కనే ఉన్న నార్త్ కరొలైనా యూనివర్సిటీలో స్టీవ్ బెలోవిన్ మొదటి ప్రోగ్రాం రాశాడు. అప్పుడు ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కి ఫోన్ చేసి కొత్త పోస్టులు ఇచ్చిపుచ్చుకునేది. ఇప్పుడు ఫోన్ల బదులు ఇంటర్నెట్, కానీ పద్ధతి అదే. నువ్వు నీ సర్వర్‌లో ఒక పోస్ట్ పెడితే ఆ సర్వర్ తన పక్క సర్వర్లకి ఇస్తుంది, అవి వాటి పక్కవాటికి, అలా అన్నిటికీ పాకుతుంది. ప్రతి పోస్ట్‌కీ మెసేజ్ ఐడీ అని ఒక పేరుంటుంది, అదే పోస్ట్ రెండోసారి వస్తే సర్వర్ ఆ పేరు చూసి "నా దగ్గర ఉంది, వద్దు" అంటుంది. అంటే అందరి దగ్గరా ఒకే గ్రూపులు, ఒకే మాటలు, కానీ మధ్యలో కూర్చున్న యజమాని లేడు. అందుకే ఏ సర్వర్‌లో అకౌంట్ తీసుకున్నా పర్లేదు, అవతలివాళ్ళు ఇంకో సర్వర్‌లో ఉన్నా మన మాట వాళ్ళకి చేరుతుంది.

ఇప్పుడు తికమక సంగతి. యూజ్‌నెట్ అని వెతికితే మొదట కనిపించేవి డబ్బు కట్టించుకునే సర్వీసులు, వాటిల్లో స్పీడు, ఎన్ని వేల రోజులు ఫైళ్ళు దాచిపెడతారు, ఇవే ఉంటాయి. అవి బైనరీ గ్రూపులకోసం, అంటే పెద్ద పెద్ద ఫైళ్ళు ముక్కలు చేసి పెట్టే గ్రూపులకోసం. మనకి కావాల్సింది మాటలైతే అవి అస్సలు అక్కర్లేదు. ఈ తేడా తెలియక నేను రెండు రోజులు పోగొట్టుకున్నా. తర్వాత ఒక చిన్న ఫ్రీ సర్వర్‌లో రిజిస్టర్ చేశా, పాస్‌వర్డ్ మెయిల్ రానే లేదు, స్పామ్ ఫోల్డర్ కూడా వెతికా, మళ్ళీ చేశా, మళ్ళీ రాలేదు. ఇలాంటివి ఎవరో సొంత ఓపికతో నడిపేవి కాబట్టి కోపం తెచ్చుకోలేదు కానీ నిజంగా నిరుత్సాహం వేసింది. చివరికి ఎటర్నల్ సెప్టెంబర్ అనే సర్వర్‌లో దొరికింది. టెక్స్ట్ మాత్రమే, ఫ్రీ, రిజిస్టర్ చేసుకుంటే చాలు, పని జరిగిపోయింది.

ఆ పేరు వెనక కథ కొత్తగా వచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సిందే. ఒకప్పుడు యూజ్‌నెట్ ఎక్కువగా యూనివర్సిటీల్లో ఉండేది, ఏటా సెప్టెంబర్‌లో కొత్త విద్యార్థులు అకౌంట్లు తీసుకుని లోపలికొచ్చి ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియక గందరగోళం చేసేవాళ్ళు, కొన్ని వారాల్లో పాతవాళ్ళు చెప్తే నేర్చుకుని కలిసిపోయేవాళ్ళు. 1993-94 ప్రాంతంలో అమెరికా ఆన్‌లైన్ లాంటి, ఇళ్ళకి ఆన్‌లైన్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీలు తమ కస్టమర్లందరికీ తలుపులు తెరిచాయి, ఇక కొత్తవాళ్ళు రావడం ఆగలేదు, నేర్పేవాళ్ళు సరిపోలేదు. ఆ సెప్టెంబర్ ముగియలేదన్నారు, ఎటర్నల్ సెప్టెంబర్ అంటే అంతం లేని సెప్టెంబర్. నాకు ఇందులో కొత్తవాళ్ళ మీద చిన్నచూపు కనిపించదు, కొత్తవాడికి నేర్పడానికి టైమ్ పడుతుంది, నేర్పే మనిషి కావాలి అన్న మాట కనిపిస్తుంది. నాకు నేర్పినవాళ్ళు దొరికారు, ఆ సంగతి కింద చెప్తా.

థండర్‌బర్డ్‌లో సెట్ చేసుకోవడం పెద్ద పనేం కాదు. మెయిల్ అకౌంట్ కలిపినట్టే న్యూస్‌గ్రూప్ అకౌంట్ అని ఉంటుంది, పేరు, మెయిల్ అడ్రస్, సర్వర్ పేరు అడుగుతుంది. సర్వర్ న్యూస్.ఎటర్నల్-సెప్టెంబర్.ఆర్గ్. పోర్ట్ మామూలుగా 119, సెక్యూర్ కనెక్షన్ కావాలంటే 563, రెండోదే పెట్టుకోండి, పాస్‌వర్డ్ బయటపడదు. ఇక్కడ ఒక చిన్న టిక్ మార్కు నా ప్రాణం తీసింది. సర్వర్ సెట్టింగ్స్‌లో కనెక్ట్ అయినప్పుడల్లా పాస్‌వర్డ్ అడగాలి అని ఒకటుంటుంది, అది పెట్టకపోతే ప్రోగ్రాం లాగిన్ అవ్వకుండానే గ్రూపుల లిస్ట్ అడుగుతుంది, నాకు వచ్చిన లిస్ట్ చాలా చిన్నగా ఉంది, నేనేమో "ఓహో, ఇంతేనా మిగిలింది" అనుకుని దిగులుపడ్డా. టిక్ పెట్టాక వేలల్లో గ్రూపులు దిగాయి. ఇంకోటి, మొదటిసారి గ్రూపు తెరిస్తే 500 కంటే ఎక్కువ హెడర్లున్నాయి (హెడర్ అంటే పోస్ట్ పైన ఉండే శీర్షిక, పేరు, తేదీ లాంటివి), అన్నీ దింపాలా కొన్నే చాలా అని అడుగుతుంది, కొన్నే చాలనండి, అన్నీ తెచ్చుకుంటే ఆ కుప్ప చూసే భయమేస్తుంది.

మెయిల్ అడ్రస్ సంగతి కూడా ఇక్కడే. మనం ఫ్రమ్ అనే చోట పెట్టిన అడ్రస్ ప్రపంచంలో అందరికీ కనిపిస్తుంది, స్పామ్ పంపేవాళ్ళ ప్రోగ్రాములు అక్కడినుంచే ఏరుకుంటాయి. అందుకని చాలామంది చివర డాట్ ఇన్‌వ్యాలిడ్ అని ముగిసే ఉత్తుత్తి అడ్రస్ పెడతారు, అది ఎప్పటికీ నిజం అడ్రస్ కాకుండా ప్రత్యేకంగా కేటాయించిన ముగింపు, దానివల్ల వేరే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నేనూ అదే పెట్టా.

గ్రూపుల పేర్లు ఎడమనుంచి కుడికి చదవాలి, పెద్దది ముందు, చిన్నది తర్వాత. కాంప్ అంటే కంప్యూటర్లు, కాంప్.ల్యాంగ్ అంటే ప్రోగ్రామింగ్ భాషలు, కాంప్.ల్యాంగ్.సి అంటే సీ భాష. సై అంటే సైన్స్, రెక్ అంటే సరదాలు, సోక్ అంటే సమాజం. ఇలా పేర్లన్నీ 1987లో ఒకసారి కూర్చుని తిరగరాశారు, దాన్నే పెద్ద పేరుమార్పు అంటారు, తర్వాత హ్యుమానిటీస్ కూడా కలిసి ఎనిమిది పెద్ద కొమ్మలయ్యాయి. కొత్త గ్రూపు పెట్టడానికి ఆ ఎనిమిదిలో చర్చ, ఓటు లాంటి పద్ధతులుండేవి, అవేం వద్దు అనుకున్నవాళ్ళు ఆల్ట్ అని ఇంకో కొమ్మ పెట్టుకున్నారు, అందులో అన్నీ దొరుకుతాయి, మంచీ చెడూ.

గ్రూపుల్లో చాలా భాగం నిద్రపోతున్నాయి, ఇది దాచను. పేరు చూసి ఎగిరి గంతేసి లోపలికెళ్తే చివరి పోస్ట్ ఎప్పటిదో ఉంటుంది, లేదంటే అన్నీ చెత్త ప్రకటనలే. అందుకని సబ్‌స్క్రైబ్ చేసేముందు తేదీలు చూడండి, గత వారంలో కనీసం రెండు మూడు థ్రెడ్లలో, అంటే ఒక పోస్టూ దాని జవాబులూ కలిసిన వరసల్లో, వేర్వేరు మనుషులు మాట్లాడుకుంటుంటే అది బతికున్నట్టు. నాకు బతికున్నవి దొరికినవి కాంప్.మిస్క్, కాంప్.ల్యాంగ్.సి, ఆల్ట్.యూసేజ్.ఇంగ్లిష్, ఆల్ట్.ఫోక్‌లోర్.కంప్యూటర్స్. చివరిది నా ఫేవరెట్, పాత మెషిన్ల మీద పనిచేసినవాళ్ళు అప్పటి సంగతులు చెప్పుకునే చోటు. ఒక మేలు కూడా జరిగింది, 2024 ఫిబ్రవరి 22న గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌తో తెగతెంపులు చేసుకుంది, అంతకుముందు ఆ దారిలో చెత్త కుప్పలు కుప్పలుగా వచ్చి పడేది, అది ఆగింది. ఆ తేదీకి ముందు పోస్టులు, తర్వాత పోస్టులు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తేడా తెలుస్తుంది.

ఇక రాయడం. ఆగండి, మొదటి వారం రాయకండి. చదవండి, అంతే. పాతవాళ్ళు దీన్ని లర్కింగ్ అంటారు, అంటే మాట్లాడకుండా ఒక మూల కూర్చుని వినడం. ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారు, ఏ విషయం ఎత్తితే గొడవ అవుతుంది, ఏ ప్రశ్న ఇప్పటికే వంద సార్లు అయిపోయింది, ఇవన్నీ వారంలో తెలిసిపోతాయి. ఎఫ్ఏక్యూ, అంటే తరచూ అడిగే ప్రశ్నలకి జవాబుల లిస్ట్ అనే పద్ధతి పెరిగి పెద్దదైంది కూడా యూజ్‌నెట్‌లోనే, వచ్చిన ప్రతి కొత్తమనిషికీ అదే జవాబు రాసి రాసి అలసిపోయి, అందరూ కలిసి ఒకచోట రాసిపెట్టుకుని నెలకోసారి పోస్ట్ చేసేవాళ్ళు. చేతులు ఊరుకోకపోతే టెస్ట్ గ్రూపులున్నాయి, ఆల్ట్.టెస్ట్, మిస్క్.టెస్ట్, వాటిల్లో ఎంత రాసినా ఎవరూ ఏమనరు, మన పోస్ట్ ఎలా కనిపిస్తుందో చూసుకోవచ్చు. నేను తెలుగులో కూడా రాసి చూశా, అక్షరాలు చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి, చాలా సంతోషమేసింది.

వారం తర్వాత నేను రాసిన మొదటి నిజమైన జవాబు తప్పుగా వెళ్ళింది. అవతలాయన అరవై లైన్లు రాశాడు, నేను పైన రెండు లైన్లు రాసి కింద ఆ అరవై లైన్లూ అలాగే వదిలేసి పంపేశా, మెయిల్‌లో రోజూ చేసేది అదే కదా. గంటలో ఆయనే మర్యాదగా రాశాడు, "స్వాగతం, నీ జవాబు నేను చెప్పిన ఏ మాటకో నాకు అర్థం కాలేదు, ఆ మాట ఒక్కటే ఉంచి దాని కింద రాస్తావా" అని. నేను అలాగే తిరిగి రాశా, రాస్తుంటే నా జవాబే మారిపోయింది. ఎందుకంటే ఆయన మాటల్లో నేను దేనికి జవాబిస్తున్నానో వెతుక్కోవాల్సొచ్చింది, వెతుకుతుంటే సగం నేను సరిగ్గా చదవనే లేదని తెలిసింది.

ఈ సర్వీసులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా. ఇక్కడి అలవాటు ఏంటంటే అవతలివాళ్ళ మాట ముందు > గుర్తుతో వస్తుంది, మనకి కావాల్సిన ముక్క ఉంచి మిగతాది చెరిపేసి, ఆ ముక్క కిందే మన జవాబు రాయాలి, తర్వాత ఇంకో ముక్క, దానికింద ఇంకో జవాబు. ఇలా ఉంటుంది.

> స్పేస్ బార్ ఎడమ చివర నొక్కితే పని చెయ్యట్లేదు.

మధ్యలో నొక్కితే పని చేస్తోందా? చేస్తుంటే కింద ఉండే సన్న తీగ పక్కకి జరిగి ఉండొచ్చు.

> మొత్తం ఊడదీసి నీళ్ళతో కడగొచ్చా?

పైన ఉండే కీ క్యాపులు కడుక్కో, ఆరాక పెట్టు. బోర్డు మాత్రం తడపకు.

చూశారా, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది, మూడోమనిషి ఆరు నెలల తర్వాత వచ్చి చదివినా పైకీ కిందకీ వెతుక్కోకుండా అర్థమవుతుంది. గుర్తులు రెండయితే రెండు మెట్ల కిందటి మాట, మూడయితే మూడు మెట్ల కిందటిది. ఒక లైన్ 72 అక్షరాల దగ్గర విరుస్తారు, ఈ గుర్తులు చేరినా 80 అక్షరాల తెర దాటకుండా. ఎంత చిన్న ఏర్పాటో, ఎంత బాగా పనిచేస్తుందో. పైగా అవతలివాళ్ళ మాట తీసేసేటప్పుడు వాళ్ళ అర్థం మారకుండా చూసుకోవాలి, ఇది చాలా బాధ్యత గల పని, నాకు ఒక్కో జవాబుకి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ ఇరవై నిమిషాలూ నాకు ఇష్టం. థండర్‌బర్డ్‌లో జవాబు కోట్ చేసిన మాట కింద మొదలవ్వాలి అని సెట్టింగ్ ఉంది, అది పెట్టుకోండి, రంగులూ ఫాంట్లూ చేర్చే హెచ్‌టీఎమ్ఎల్ తీసేసి ఉత్త అక్షరాలే ఉండే ప్లెయిన్ టెక్స్ట్ పెట్టుకోండి.

ఇంకో ఉచ్చు ఉంది, దాంట్లో పడకండి. రిప్లై వేరు, ఫాలోఅప్ వేరు. రిప్లై నొక్కితే ఆ మనిషి మెయిల్‌కి వెళ్తుంది, ఫాలోఅప్ నొక్కితేనే గ్రూపులో కనిపిస్తుంది. సంతకం కూడా ఉంది, పోస్ట్ చివర రెండు అడ్డగీతలు, ఒక ఖాళీ, ఆ కింద నాలుగు లైన్లకి మించకుండా మన పేరూ ఇష్టమైన మాటా. ఆ రెండు గీతల తర్వాత ఖాళీ మర్చిపోకూడదు, అదుంటేనే అవతలి ప్రోగ్రాం అది సంతకమని గుర్తుపట్టి జవాబులోంచి తీసేస్తుంది.

మొదట్లో గ్రూపులు చదవడానికి వాడిన ఆర్ఎన్ అనే ప్రోగ్రాంతో వచ్చిన, పోస్టులు పంపే స్క్రిప్ట్, పంపేముందు ఒక హెచ్చరిక చూపించేదట, నీ మాట వేల మెషిన్లకి వెళ్తుంది, దానికి బోలెడు డబ్బు ఖర్చవుతుంది, నిజంగా పంపాలనుకుంటున్నావా అని. ఆర్ఎన్ రాసింది 1984లో ల్యారీ వాల్, తర్వాత పెర్ల్ భాష చేసినాయన. ఇప్పుడు ఆ ఖర్చు లేదు, కానీ పంపాక వెనక్కి రాదన్నది మాత్రం అలాగే ఉంది. ఎడిట్ బటన్ లేదు. క్యాన్సిల్ అని ఒకటుంది, చాలా సర్వర్లు దాన్ని పట్టించుకోవు. అచ్చుతప్పు దొర్లితే కింద ఇంకో పోస్ట్‌లో సరిచేసుకోవాలి. నేను ఇప్పుడు పంపేముందు ఒకసారి బయటికి చదువుకుంటున్నా, అలవాటైపోయింది.

గొడవలు చేసేవాళ్ళు ఉంటారా అంటే ఉంటారు, కొన్ని గ్రూపుల్లో చాలా ఎక్కువ. మోడరేటర్, అంటే పోస్టులు ముందే చూసి వదిలే మనిషి, ఉన్న గ్రూపులు కొన్నున్నాయి, కాంప్.రిస్క్స్ లాంటివి, కంప్యూటర్ల వల్ల జరిగే ప్రమాదాల గురించి 1985 నుంచి వస్తోంది, పక్కాగా ఉంటుంది. మిగతావాటిల్లో పైనుంచి ఆపేవాళ్ళు లేరు, మనమే మన వైపు ఆపుకోవాలి. ఫలానా మనిషి రాసింది నాకు చూపించకు అని ఫిల్టర్ పెట్టుకుంటే ఇక కనపడరు, దీన్నే కిల్‌ఫైల్ అంటారు. థండర్‌బర్డ్‌లో ఒక థ్రెడ్ మీద కె నొక్కితే ఆ థ్రెడ్ మొత్తం పక్కకి పోతుంది. ఇది చాలా పెద్ద సుఖం. ఏం చదవాలో ఏం వద్దో నా మెషిన్‌లో నేను పెట్టుకున్న రూలు, నాకోసం ఇంకెవరూ పెట్టింది కాదు. కానీ పక్కమనిషిని ఎవరైనా వేధిస్తుంటే మనం కళ్ళు మూసుకున్నట్టే కదా అన్న బాధ కూడా ఉంది, దానికి ఇక్కడ మంచి సమాధానం లేదు, నా మార్కు తగ్గడానికి మొదటి కారణం ఇది.

టిన్ గురించి. నెల తర్వాత థండర్‌బర్డ్ నుంచి దీనికి మారా. 1991 నుంచి ఉన్న ప్రోగ్రాం, నల్ల తెర, అక్షరాలు, మౌస్ అక్కర్లేదు. ట్యాబ్ నొక్కితే తర్వాత చదవనిది, ఎఫ్ నొక్కితే ఫాలోఅప్, డబ్ల్యూ నొక్కితే కొత్త పోస్ట్, సి నొక్కితే గ్రూపు మొత్తం చదివినట్టు. మూడు రోజుల్లో వేళ్ళకి అలవాటైపోయింది, ఇప్పుడు పావుగంటలో అన్ని గ్రూపులూ తిరిగొచ్చేస్తా. కొత్తవాళ్ళకి మాత్రం దీంతో మొదలుపెట్టమని చెప్పను, ముందు థండర్‌బర్డే. పైగా టెర్మినల్లో తెలుగు సరిగ్గా రాదు, ఒత్తులు పక్కకి పోతాయి, గుణింతాలు విడిపోతాయి, తెలుగు చదవాలంటే నేను ఇప్పటికీ థండర్‌బర్డే తెరుస్తా. 1990ల్లో సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూపులో ఈ బాధ ఇంకా పెద్దది, తెలుగు అక్షరాలే లేవు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసుకునేవాళ్ళు, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడాతో "ట"నీ "త"నీ వేరు చేసుకుంటూ. ఆ ఓపికకి నిజంగా దండం పెట్టాలి.

మారినప్పుడు ఒక దెబ్బ తగిలింది, ఇది ఎవరూ ముందు చెప్పరు కాబట్టి చెప్తున్నా. మనం ఏవి చదివామో న్యూస్‌రీడర్, అంటే టిన్ లాంటి చదివే ప్రోగ్రాం, నంబర్లతో గుర్తుపెట్టుకుంటుంది, ఆ నంబర్లు సర్వర్ ఇచ్చేవి, ప్రతి సర్వర్‌లోనూ వేరే. అదే పోస్ట్ ఒకచోట 1200, ఇంకోచోట 48,000 కావచ్చు. నేను సరదాకి ఇంకో సర్వర్ చూద్దామని టిన్‌లో సర్వర్ పేరు ఒక్కటి మార్చా, పాత నంబర్ల ఫైల్ అలాగే ఉంచేశా, చదవనివి చదివినట్టు, చదివినవి కొత్తవైనట్టు మొత్తం కలగాపులగం. ఒక సర్వర్‌కి ఒక ఫైల్ అని విడిగా పెట్టుకోవాలి, మారేముందు కాపీ తీసి పెట్టుకోవాలి.

ఇంకా లోపాలు. ఫోన్‌లో సుఖంగా వాడుకునేది నాకు దొరకలేదు, కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. సర్వర్‌లో పాత పోస్టులు ఎంతకాలం ఉంటాయన్నది ఆ సర్వర్ నడిపేవాళ్ళ ఇష్టం, పాతవి వెతకడం కష్టం. 1995లో డేజా న్యూస్ అని ఒకటి వీటన్నిటినీ దాచి వెతుక్కునేలా చేసింది, 2001లో గూగుల్ దాన్ని కొని 1981 దాకా వెనక్కి వెళ్ళే ఆర్కైవ్ పెట్టింది. దానివల్లే 1991 ఆగస్టులో ఆల్ట్.హైపర్‌టెక్స్ట్‌లో టిమ్ బెర్నర్స్ లీ వరల్డ్ వైడ్ వెబ్ గురించి చెప్పిన పోస్ట్, అదే నెల 25న కాంప్.ఓఎస్.మినిక్స్‌లో లైనస్ టోర్వాల్డ్స్ తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ (తర్వాత లినక్స్ అయినది) గురించి రాసిన పోస్ట్ జనం ఇప్పటికీ చదువుకుంటున్నారు. రెండూ నేను చదివా, మామూలు పోస్టులే, గ్రూపులో నాలుగు అభిప్రాయాలు అడుగుతున్న గొంతుతో. దీని రెండో వైపు ఏంటంటే మనం రాసింది కూడా ఎక్కడో ఎవరి దగ్గరో ఉండిపోతుంది, కాబట్టి ఇంటి విషయాలు, ఉద్యోగం విషయాలు రాయకండి.

చివరగా నా సొంత థ్రెడ్ సంగతి. ఆల్ట్.ఫోక్‌లోర్.కంప్యూటర్స్‌లో రెండో నెలలో ఒక ప్రశ్న పెట్టా, 72 అక్షరాలు అన్న లెక్క > గుర్తులకి చోటుకోసం మాత్రమేనా, ఇంకా పాతదా అని. ఒక రోజు గడిచింది, జవాబు లేదు. వారం గడిచింది, లేదు. అలాంటి పాత ప్రశ్నకి ఎవరికి తీరిక ఉంటుందిలే అనుకున్నా. పదకొండో రోజు పొద్దున తెరిస్తే ఒకాయన నా నాలుగు వాక్యాలనీ విడివిడిగా పెట్టి ఒక్కోదాని కింద రాశాడు. 80 అన్నది 1928 నాటి ఐబీఎమ్ చిల్లుల కార్డు నుంచి వచ్చింది, అంటే చిల్లులు పొడిచి కంప్యూటర్‌కి సమాచారం ఇచ్చే 80 గళ్ళ అట్టముక్క, టెర్మినళ్ళు కూడా దాన్నే పట్టుకున్నాయి. ఐబీఎమ్ 704 మెషిన్ కార్డులో 72 గళ్ళే చదివేది, అందుకే ఫోర్ట్రాన్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాం లైన్ 72 దగ్గర ఆగేది, మిగిలిన ఎనిమిది గళ్ళలో కార్డుల వరస నంబర్లు వేసుకునేవాళ్ళు, కార్డుల పెట్టె కింద పడి అవి చెల్లాచెదురైతే మళ్ళీ పేర్చుకోవడానికి. పోస్టుల్లో 72కి, కార్డుల్లో 72కి చుట్టరికం ఉందో లేదో తను ఖాయంగా చెప్పలేనని కూడా రాశాడు, కింద ఇంకొకళ్ళు లేదన్నారు, ఇంకొకళ్ళు ఉందన్నారు, ఒకావిడ తను పెట్టె కింద పడేసిన రోజు గురించి ముప్పై లైన్లు రాసింది. ఇప్పటికి ఆ థ్రెడ్ 23 పోస్టులైంది. నిన్న రాత్రి నా రెండో వాక్యం కింద ఇంకో కొత్త జవాబొచ్చింది, దానికి రెండు రోజులు ఆగి రాస్తా.